గడ్డిలో మొలిచినవి

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు శామీర్‌పేట చెరువు పక్క ఊళ్లో, ఈదమ్మ ఇంట్లో ముగ్గురికి వాంతులు మొదలయ్యాయి. ఒంటిగంటకు వాళ్లు పుట్టగొడుగుల కూర తిన్నారు. తినొచ్చని చెప్పింది డాక్టర్ ఫర్హత్.

ఫర్హత్ బూజుల మీద, పుట్టగొడుగుల మీద పరిశోధన మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. ఈదమ్మ కోడలు లత ఆమె ల్యాబ్‌లో అటెండరు. ఆ పొద్దున లత ఫోన్లో ఫొటో పంపింది. తెల్లటి గొడుగులు, వాటి అడుగున మడతల్లా తెల్లటి రెక్కలు. అప్పుడు ఫర్హత్ మేడ్చల్ మార్కెట్‌లో చేపలు కోయిస్తోంది. ఒక చేత్తో 'తినొచ్చు' అని కొట్టి ఫోను సంచిలో వేసుకుంది.

ఫొటో చూసి చెప్పకూడదని ఏటా కొత్త విద్యార్థులకు మొదటి రోజే చెప్పేది ఆమె. తినేవీ విషపువీ లేతగా ఉన్నప్పుడు ఒకలాగే ఉంటాయి. గొడుగును తెల్ల కాగితం మీద పెట్టి, గిన్నె మూసి, తెల్లారేదాకా ఆగాలి. రాలిన పొడి ఆకుపచ్చగా ఉంటే విషం.

కబురు అంది, ఐదింటికి ఫర్హత్ మేడ్చల్‌లోని ఆస్పత్రికి చేరింది. ఈదమ్మకు, లతకు, లత కూతురు శ్రీదివ్యకు సెలైన్ ఎక్కుతోంది. ఏడేళ్ల పిల్ల కళ్లు తెరవడం లేదు.

"ఏం తిన్నరవ్వా?" అన్నాడు డాక్టర్ భానుప్రకాశ్.

ఈదమ్మ ఫర్హత్ వైపు చూసింది. "నిన్నటి సద్దన్నం సారూ. పులిసినట్టుంది."

డాక్టర్ రాసుకుని పక్క మంచానికి పోయాడు.

"అట్లెందుకు చెప్పినవ్ పెద్దమ్మా?" అంది ఫర్హత్.

"నీ నౌకరికి మోసమొస్తది బిడ్డా. గీమె నౌకరి గూడ పోతది." ఈదమ్మ కోడలి వైపు గడ్డం చూపింది. "మేం పుట్ట మీద మొలిచినయే తింటం. గడ్డిల మొలిచినయి మా అత్త ముట్టనియ్యకపోయేది. పారేస్తనంటే గీమె, 'నీకేం ఎరుక అత్తమ్మా, మేడం దినాం వాటితోనే ఉంటది' అన్నది. సరే, సదువు ముంగట నాదెంత అనుకున్న."

లత గోడవైపు తిరిగి పడుకుంది.

పొద్దున ఫొటో వచ్చినప్పుడు, ఎక్కడ మొలిచాయని ఫర్హత్ అడగలేదు. అడిగి ఉంటే ఈదమ్మ చెప్పేది. గడియారం చూసింది. డాక్టర్ సద్దన్నం అని రాసి ఇరవై నిమిషాలైంది. ఇంతలో శ్రీదివ్య మళ్లీ వాంతి చేసుకుంది. ఫర్హత్ లేచి పోయి డాక్టర్ ముందు నిలబడింది.

"సద్దన్నం కాదు. పుట్టగొడుగులు."

"మీకెట్ల తెలుసు?"

"తినొచ్చని నేనే చెప్పిన."

"మీరేం చేస్తరు?"

"పుట్టగొడుగుల సైంటిస్టును."

డాక్టర్ ఆమె ముఖంలోకి చూశాడు. రాసింది కొట్టేశాడు. పిల్లను ఎమర్జెన్సీ వార్డుకు మార్పించాడు.

ఈదమ్మ ఇంట్లో చాటలో ఒక గొడుగు మిగిలింది. ఆ రాత్రి ఫర్హత్ దాన్ని కాగితం మీద పెట్టి గిన్నె మూసింది. సోమవారం పొద్దున ఆరింటికి గిన్నె తీసింది. పొడి ఆకుపచ్చగా ఉంది. కాగితం మడిచి ఆస్పత్రిలో ఇచ్చింది.

మంగళవారం శ్రీదివ్య గంజి తాగింది. ఆస్పత్రి కేసు కాగితాల్లో, తినొచ్చని చెప్పినవారు ఎవరన్న చోట ఫర్హత్ పేరు, హోదా ఉన్నాయి. కింద ఆమె సంతకం ఉంది.