ఇస్పాస్ తాత అనని మాట

లూతారి దిబ్బ మీద పచ్చి ఇటుకలు ఆరబెట్టి ఉన్నాయి. కోర్టు అమీనా వాటి మీదనే నిలబడి కాగితం చదివాడు. పక్కన చోటు లేక కాదు, చోటు చూసుకోవాలని అతనికి తోచక. అతని బూటు కింద జాంబిలా తెల్లవారి నుంచి అచ్చు పోసిన వరస మెత్తగా కుంగిపోయింది. ఆమె చూసింది, ఏమీ అనలేదు. యాభై రెండేళ్ళ బతుకులో ఆమె నేర్చిన విద్య అదే.

"తూర్పున వాగు, పడమర పిండిమర, దక్షిణాన దొరగారి ద్రాక్షతోట, ఉత్తరాన బంకమట్టి గుంట. ఈ హద్దుల మధ్య నేలంతా జోర్లేను దొరగారి వారసుడిది. ఇరవై రోజుల్లో ఖాళీ చెయ్యాలి."

మట్టి తొక్కేవాళ్ళు మోకాలి లోతు అడుసులో అలాగే ఆగిపోయారు. వెనకటి ప్రభుత్వం దొరల భూములు లాక్కుంది. అది కూలిపోయాక వచ్చిన ప్రభుత్వానికి దొరల మీద మహా జాలి పుట్టుకొచ్చింది. తాతల కాగితం తెచ్చినవాడికి నేల తిరిగి ఇచ్చేస్తోంది. జోర్లేను వంశంవాడొకడు రాజధాని నుంచి నూట యాభై ఏళ్ళు దాటిన వీలునామా పట్టుకొచ్చాడు. కోర్టు దాన్ని కళ్ళకద్దుకుంది. దిబ్బ మీద, లోకం జిప్సీలనే రోమా జనం ఇళ్ళు అరవై ఉన్నాయి. వాళ్ళ దగ్గర ఏ తాత కాగితమూ లేదు.

క్రయోవాలో చరిత్ర చదువుతున్న సిదోనియా, జాంబిలా చెల్లెలి కూతురు, ముందుకొచ్చింది. "అయ్యా, వీలునామా సగంలో ఆపారే? కింద ఇంకా ఉందిగా."

"అది ఈ కేసుకు అక్కర్లేనిది."

"అసలు కాగితం కోర్టులో ఉందిగా. పాత లిపి నాకొచ్చు. చదువుకుంటాలే."

"చదువుకో తల్లీ. చదివితే ఇల్లు నిలబడుతుందా?" అమీనా నవ్వి, మరో వరస తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ ఇటుకలు కాల్చే వాము దగ్గర చేరారు. తిరగేసిన తొట్టి మీద ఇస్పాస్ తాత కూర్చున్నాడు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. దిబ్బ మీద తగువులన్నీ తీర్చేది ఆయనే, ఆయన మాటకు ఎదురు లేదు. సిదోనియా కోర్టు నుంచి తెచ్చిన వీలునామా నకలు తీసి చదివింది.

"మర ఒకటి. ద్రాక్షతోటలు రెండు. ఎడ్లు పన్నెండు జతలు. జిప్సీ ప్రాణాలు నలభై ఒకటి."

ఎవరో దగ్గారు.

"వ్లాయికు, ఇటుకల పని, కుంటివాడు. వాడి పెళ్ళాం నేగా. వాళ్ళ కూతురు స్తానా, పద్దెనిమిదేళ్ళు. మా చిన్నమ్మాయి పెళ్ళికి దీన్ని సారెగా పంపవలెను. తల్లిని పంపరాదు."

నలభై ఒక్క పేర్లూ అయిపోయినా జాంబిలా ఆ ఒక్క మాట దగ్గరే ఉండిపోయింది. తల్లిని పంపరాదు. ఎవరో బల్ల దగ్గర కూర్చుని, కలం సిరాలో ముంచి, మరచిపోకుండా రాయించిన మాట అది.

మొదట అరిచినవాడు జాంబిలా కొడుకు సాందు. తాపీ మేస్త్రీ. నెల కిందటే కూతురు పుట్టింది. "ఈ కాగితం చూపించేగా వాడు నేల గుంజుకుంది! పై సగం చెల్లుద్దంట, కింది సగం చెల్లదంట. ఇదెక్కడి న్యాయం? మనమూ అడగాల. మనోళ్ళ చాకిరీకి బదులు ఈ దిబ్బ మనకు రాసియ్యాల."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అన్నాడు ఇస్పాస్. "పాతవి తవ్వితే మన మీదే పడతాయిరా."

"మనం పుట్టిందే అడుసు తొక్కడానికి గదా తాతా! ఈసారన్నా కాళ్ళు కడుక్కోనియ్యి."

జనం నవ్వారు. ఫ్లోరికా అనే ఆవిడకు మాత్రం నవ్వు రాలేదు. "ఇప్పటికే బడిలో నా మనవళ్ళని జిప్సీలని ఎనక్కి కూర్చోబెడతన్నారు. ఇంక బానిస పుటకని కూడా అనిపించుకోవాలా? మన సిగ్గు మనమే బయటేసుకుంటామా?"

"సిగ్గు మనదెట్టా అవుద్ది పిన్నీ? అమ్మింది మనమా?" అంది సిదోనియా. "బానిసల్ని వదిలేసిన రోజున సర్కారు నష్టపరిహారం ఇచ్చింది, తెలుసా? దొరలకి! ఆస్తి పోయిందని తలకింతని లెక్కగట్టి ఇచ్చారు. మనోళ్ళకి మాత్రం బాట చూపించారు."

"అయితే తలకింత అడుగుదాం" అన్నాడొకడు. "నా తల కాస్త పెద్దది, ముందే చెప్తన్నా."

ఇస్పాస్ చేతికర్ర నేలకేసి కొట్టాడు. "చచ్చినోళ్ళని మళ్ళీ అమ్ముతారంట్రా? ఒకసారి దొర అమ్మాడు. రెండోసారి మనమా?"

పేదవాడు న్యాయం అడిగితే కూడా బేరమాడినట్టే కనబడేలా ఈ లోకాన్ని కట్టిపెట్టారు మరి.

అప్పుడు, మీటింగుల్లో ఎన్నడూ నోరు విప్పని జాంబిలా లేచి నిలబడింది.

"అమ్మొద్దు మావా. అన్నం పెడదాం."

"ఎవరికే?"

"ఆళ్ళకే. మనలో ఎవరు పోయినా ఆళ్ళ పేరున పొమానా విందు పెడతాం గదా. ఆళ్ళకెవరు పెట్టారు? దొర సొమ్ము చచ్చిపోతే దొర పెడతాడా? మా అమ్మ రోజూ తొలి రొట్టె తుంచి గుమ్మం బయట పడేసేది. ఎవరికే అంటే తెలీదనేది. తెలీకుండానే భయపడేది. నేనూ పడేస్తన్నా, మీ ఇళ్ళల్లోనూ పడేస్తన్నారు. ఇన్నేళ్ళూ ఆళ్ళు మన గుమ్మాల ముందే నిలబడున్నారు మావా. ఇప్పుడు పేర్లు దొరికినాయి. పిలిచి పెడదాం."

ఇస్పాస్ కర్ర ఊతగా తొట్టి మీద నుంచి లేచాడు. "పెట్టడానికైతే నేను పెడతా" అన్నాడు చివరికి. "అడగడానికి మాత్రం నన్ను పిలవబాకండి."

ఇరవయ్యో రోజు పొద్దున్నే దిబ్బ మీద బల్లలు వేశారు. ఉడికించిన తీపి గోధుమలు, క్యాబేజీ చుట్టలు, మొక్కజొన్న సంకటి, రేగుసారా. పొమానాలో చనిపోయినవాళ్ళ బదులు బతికున్నవాళ్ళు తింటారు. కొత్త బట్టలు కట్టించి, చనిపోయిన మనిషి పేరుతో పిలిచి కూర్చోబెడతారు. తిన్నాక, విందు పెట్టిన పెద్ద ఒక మాట అనాలి: "ఆకలి తీరింది, నీ పేరు నువ్వు తీసుకో." అప్పటిదాకా సొంత పేరుకు పలకకూడదు. పలికితే ఆ చనిపోయిన ప్రాణం ఆ ఇంటి మీదనే ఉండిపోతుంది. నవ్వకండి. వెనకటికి బాంకు అనేవాడు పెళ్ళాం కేకేస్తే మరచిపోయి "ఆఁ" అన్నాడు. ఆ ఏడు వాళ్ళ వాము మూడుసార్లు పగిలింది, మూడోసారి పక్కన బాంకు ఉన్నాడు.

నలభై మంది నలభై పేర్లు తీసుకున్నారు. స్తానా పేరు మాత్రం మిగిలిపోయింది. సారెగా పోయిన పిల్ల, ఎక్కడ చచ్చిందో, ఎక్కడ పాతారో ఎవరికీ తెలియదు. గోరీ లేని మనిషిని ఒంటి మీదకు తెచ్చుకోవడానికి అందరికీ భయమే. జాంబిలాకూ భయమే. అయినా రవిక తొడుక్కుని ఎర్ర రుమాలు కోసం తల వంచింది.

ఇస్పాస్ ముడి వేశాడు. "స్తానా, వచ్చావా?"

"వచ్చాను."

"ఆకలేస్తందా?"

"వేస్తంది" అంది జాంబిలా. నిజంగానే వేసింది. తన కడుపులో ఎన్నడూ పుట్టనంత ఆకలి. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

సగం తింటుండగానే పోలీసు బండ్లు వచ్చాయి. వాటి వెనక బుల్డోజరు, దాని వెనక కారులో జోర్లేను వారసుడు. అమీనా జాబితా తీశాడు. ఎవరెవరిని ఖాళీ చేయించాడో పేరుపేరునా రాయకపోతే ఆ కాగితం చెల్లదు.

"జాంబిలా!"

ఎవరూ పలకలేదు. ఇంకో పేరు పిలిచాడు. అదీ అంతే. నలభై ఒక్క మంది కొత్త బట్టల్లో కూర్చుని అతన్నే చూస్తున్నారు. అమీనా గొంతు తగ్గింది. "ఏంటిది? పేర్లు చెప్పరేం?"

జాంబిలా లేచింది. "నా పేరు స్తానా. వ్లాయికు కూతుర్ని. మీ కాగితంలోనే ఉన్నా, చూసుకోండి."

వారసుడు మెత్తటి మనిషి. కోపం కూడా మర్యాదగానే వచ్చింది. "అమ్మా, నేను ఎవరినీ బానిసగా పెట్టుకోలేదు. నేను పుట్టకముందు జరిగినదానికి నన్నెలా అడుగుతారు?"

"ఈ నేల కూడా నువ్వు పుట్టకముందుదే గదా బాబూ. అది ఎట్టా అడిగావు?"

అతను అమీనా చేతిలోని కాగితం వైపు తిరిగాడు.

"నన్ను ఏ ఇంటికి సారె పంపారో, ఆడ ఎక్కడ పాతిపెట్టారో, ఆ కాగితాలు మీ ఇంట్లోనే ఉంటాయి. అవి తే. మా అమ్మ ఈ దిబ్బలోనే ఉంది. ఆమె పక్క చోటు నాకియ్యి. ఆ తర్వాత నన్ను పొమ్మను."

పోలీసు అధికారి ప్రొదాన్ పక్క ఊళ్ళోనే పెరిగాడు, అతనికి ఈ ఆచారం తెలుసు. నెమ్మదిగా నడిచి జాంబిలా వెనక్కి వచ్చి, చెవి దగ్గర గట్టిగా అరిచాడు: "జాంబిలా!"

ఆమె ఒళ్ళంతా ఎగిరిపడింది. నాలుక మీదకు వచ్చిన "ఆఁ"ని పళ్ళతో పట్టుకుంది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. పలకలేదు.

ప్రొదాన్ ఇక ఇస్పాస్ దగ్గరికి పోయాడు. "పెద్దాయనా, ఆ మాటేదో అనేసెయ్. పేర్లు రాసుకుంటాం. నీకెందుకు ఈ రచ్చ? నువ్వు మొదట్నుంచీ వద్దన్నవాడివేనంటగా."

అందరూ ఇస్పాస్ వైపు తిరిగారు. ముసలాయన బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. ఒక్కొక్క మొహం దగ్గరా ఆగాడు.

"అనను."

"ఏంటి?"

"ఆకలి తీరితే గదా తీరిందనేది? తీరలేదు. నా కళ్ళతో చూస్తన్నా. ఈ వయసులో చచ్చినోళ్ళ ముందర అబద్ధమాడనా? ఈ దిబ్బ ఈళ్ళకి రాసిచ్చి, ఈ నలభై ఒక్క పేర్లూ మీ చేత్తో మీరు రాసుకున్న రోజున అంటా. అప్పటిదాకా ఈళ్ళు ఈళ్ళే."

మధ్యాహ్నానికల్లా మళ్ళీ జాంబిలా అయిపోతాననుకుంది జాంబిలా. మనవరాలి బాప్తిజానికి రొట్టె చెయ్యాలి. ఇంటికి పోయి కాళ్ళు చాపుకోవాలి. ఇప్పుడు ఈ చనిపోయిన పిల్లను మోస్తూ ఎన్నాళ్ళు తిరగాలి? ఆమెకు ఇస్పాస్ మీద కోపం వచ్చింది. ఆ కోపంలోనే మళ్ళీ కూర్చుని, పక్కవాళ్ళతో పాటు బల్లను గట్టిగా పట్టుకుంది.

ఒక్కొక్కరినీ లాగి బండ్లలోకి ఎక్కించారు. ముసలాయనను కూడా. బుల్డోజరు మాత్రం వెనక్కి పోయింది, పేర్లు లేని కాగితంతో అది కదలడానికి వీల్లేదు. లాకప్పులో ఎంత అడిగినా నలభై ఒక్క నోళ్ళూ వీలునామా పేర్లే చెప్పాయి. రెండో రోజు వాళ్ళను వదిలేశారు. లాకప్పులో కూలబడిన ఇస్పాస్‌ను ఆస్పత్రికి చేర్చారు. ఆరో రోజు ఆయన పోయాడు. మంచం పక్కన ఉన్న సిదోనియాతో ఆఖరుకు ఒకటే అన్నాడంట: "ముసలోడు ఆ మాట అనడం మరిచిపోయి పోయాడని ఎవరన్నా అంటే ఒప్పుకోబాకు."

మాట అనవలసిన మనిషి మట్టిలోకి పోయాడు. వీళ్ళు మాత్రం మట్టి మీద, సొంత పేర్లు లేకుండా మిగిలారు.

ఆ రోజులు చెప్పనలవి కానివి. ఆస్పత్రిలో చీటీ రాయించుకోవాలంటే పేరు చెప్పాలి, చెప్పిన పేరు చనిపోయినవాళ్ళది. పనిలో హాజరు పిలుపుకు పలకక ఆరుగురు పని పోగొట్టుకున్నారు. జాంబిలాకు అద్దం చూడటం భయమైంది. రొట్టె తుంచి గుమ్మం దాకా వెళ్ళి, బయట నిలబడేది ఎవరో ఇప్పుడు తెలుసు కాబట్టి, తనే తినేది. సాందు బతిమాలాడు. "అమ్మా, ఒక్కసారి పలుకు. నా బిడ్డకి నాయనమ్మ పేరేంటని చెప్పను?" ఆమె కొడుకు తల నిమిరింది. పలకలేదు. ఈలోగా ఓల్ట్ నది అవతల మూడు గూడేల వాళ్ళు సిదోనియాను వెతుక్కుంటూ వచ్చారు, తమ దొరల కాగితాలు కూడా చదివి పెట్టమని.

ఇస్పాస్ పోయిన తొమ్మిదో రోజున ఆయనకు పొమానా పెట్టారు. ఇస్పాస్ బట్టలు కట్టుకునేవాడు ఇస్పాసే అవుతాడు. ఇస్పాస్ అయినవాడు ఆ మాట అనగలడు. అది అందరికీ తోచింది, ప్రొదాన్‌కు కూడా. అతను జాబితా చేత్తో పట్టుకుని ముందుగానే వచ్చి నిలబడ్డాడు. బట్టలు నేను కట్టుకుంటానని ముందుకొచ్చినవాడు సాందు. ఎందుకో అందరికీ అర్థమైంది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

విందు పెడుతున్న ఫ్లోరికా అతని తల మీద ఇస్పాస్ టోపీ పెట్టింది. "ఇస్పాస్, వచ్చావా?"

"వచ్చాను."

సాందు బల్ల దగ్గర నలభై ఒక్క మందికీ ఎదురుగా నిలబడ్డాడు. తల్లినే చూస్తున్నాడు. జాంబిలా కొడుకు పెదవులకేసి చూసింది. అనెయ్యి నాయనా, అనెయ్యి అని ఆమె ప్రాణమంతా కొట్టుకుంది. ఆ పిల్ల బరువు దించుకుని మనవరాలిని ఎత్తుకోవాలని ఉంది.

సాందు నోరు తెరిచాడు. వచ్చింది ఆ మాట కాదు, ప్రశ్న.

"స్తానా, నీ ఆకలి తీరిందా?"

తీరిందంటే అయిపోతుంది. కొడుకు దారి చూపిస్తున్నాడు. జాంబిలా కన్నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

"తీరలేదు" అంది.

"నేగా?"

"తీరలేదు."

"వ్లాయికు?"

"తీరలేదు."

నలభై ఒక్క మందినీ అడిగాడు. ఎనిమిదో మనిషి నుంచి అతను తల్లికేసి చూడటం మానేశాడు. ఆఖరి జవాబు అయ్యాక సాందు ప్రొదాన్ వైపు తిరిగాడు.

"విన్నారుగా. నేనైతే అనను."

ప్రొదాన్ జేబులోంచి కలం తీశాడు. ఏదో ఒక కాగితంతో బుల్డోజరు రేపు మళ్ళీ వస్తుంది. అది అతనికీ తెలుసు, వాళ్ళకూ తెలుసు. జాబితాలో అచ్చువేసిన పేర్లన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టి, కలం పట్టుకుని జాంబిలా ముందుకొచ్చి ఆగాడు.

"ఇంటిపేరు లేదా?"

"రాయనిస్తే గదా ఉండేది."

"సరే, ఉన్నదే చెప్పు" అన్నాడు.

"స్తానా."

అతను తన చేత్తో రాసుకున్నాడు.