గన్నియ్య గుండె గీత

రేవు దాటించే పంటు మీద మంచం ఉంది, మంచం మీద చొక్కా లేకుండా గన్నియ్య ఉన్నాడు, గోదావరి మాత్రం కనిపించడం లేదు. కింద నీళ్ళ చప్పుడు వినిపిస్తున్నా చుట్టూ ఉన్నవి ఆసుపత్రి గోడలే, వాటి పచ్చరంగు మెల్లగా కరిగి అలలుగా జారుతోంది, తలాపున నిలబడి గెడ వేస్తున్నది ఎవరా అని గన్నియ్య మెడ తిప్పి చూస్తాడు. అది చిట్టబ్బాయి. గన్నియ్య అక్కకు మొగుడు, లేనిపోని కోతలు కోయడంలో ఊరికి పెద్ద, పోయిన వేసవిలో గుండె ఆగి పోయినవాడు.

"కదలకు. కదిలితే గీత చెడిపోద్దంట," అంటాడు చిట్టబ్బాయి, దూడను బేరమాడుతున్నంత తాపీగా.

"బావా, నువ్వు పోయావు కదా."

"పోతే చూడ్డానికి రాకూడదా? వరాలు బయట బెంచీ మీద కూర్చుని ఏడుస్తా ఉంది. నువ్వేమో నిన్న గుమ్మం దాకా వచ్చి పారిపోయావంట."

పారిపోయిన మాట నిజమే. కొబ్బరికాయలు లోడు చేస్తూ గుండె పట్టేసి కూలబడినవాణ్ణి పెళ్ళాం వరాలు ఈసీజీ తీయించాలని ఇక్కడికి ఈడ్చుకొచ్చింది. ఒంటిమీద లోహమేదీ ఉండకూడదని గుమ్మంలో ఎవరో అనగానే గన్నియ్య చెయ్యి నడుముకున్న వెండి మొలతాడు మీదికి పోయింది. వాళ్ళ పేటలో మగవాడి మొలతాడు ఒక్కసారే తీస్తారు, తీశాక వాడు లేవడు. ఇవాళ వరాలు చెయ్యి వదలకుండా మళ్ళీ తెచ్చింది.

చిట్టబ్బాయి పంచె మడతలోంచి గోదారి గుల్లలు తీస్తాడు, ఏదో చల్లటి జిగురు పూసి గన్నియ్య ఎడమ రొమ్ము చుట్టూ ఒక్కొక్కటీ బోర్లిస్తాడు, అవి పాలు తాగే పిల్లల్లా పట్టుకుంటాయి. మణికట్లకూ చీలమండలకూ క్లిప్పులు తగిలిస్తాడు. అవి చూసి గన్నియ్య కొయ్యబారిపోతాడు; పోయిన వేసవిలో చిట్టబ్బాయి కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టింది తనే.

"కరెంటు పెడతారా బావా?"

"నీకిచ్చేదేం లేదెహె. నీ గుండె ఎలా కొట్టుకుంటే అలా గీసుకుంటది, అంతే. నొప్పుండదు. ఊపిరి మామూలుగా తీసుకో, నోరు ముయ్యి. ఆఖరిదే నీకు కష్టం. మొన్నొకాయనకి ఇలాగే అంటిస్తే గుండెలోంచి ఆదివారం సంత వినబడింది, మేకలతో సహా."

గన్నియ్యకు నవ్వు రాదు. "నువ్వు తీయించుకున్నప్పుడు మిషను నిన్ను చూసి భయపడి ఆగిపోయిందన్నావు కదా."

చిట్టబ్బాయి గెడ వేయడం ఆపుతాడు, పంటు ఆగదు. "నేనెప్పుడు తీయించుకున్నాను? నొప్పొస్తే సోడా తాగి పడుకున్నాను, మొలతాడు తీయమంటారని. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. చివరికి నువ్వే తీశావు."

నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోతుంది. ఆ మిషను కథ విని అందరికంటే ముందు నవ్వింది గన్నియ్యే.

"చూద్దాం ఉండు," అంటూ చిట్టబ్బాయి పక్కనే పడుకుంటాడు, మంచం వెడల్పవుతుంది, గుల్లలు అతని ఛాతీ మీదికి నడిచిపోతాయి, ఎక్కడినుంచో కాగితం వస్తుంది, దాని మీద గీత వడ్రంగి చిత్రిక పట్టినట్టు తిన్నగా, నున్నగా ఉంది. "చూశావా. ఇలా ఉంటే నా మనిషివి. ఎగుడుదిగుడుగా ఉంటే ఇంకా వరాలు మొగుడివే. ఇక నీది."

గుల్లలు తిరిగొస్తాయి. కాగితం మళ్ళీ కదులుతుంది, ఈసారి దాని కొస చిట్టబ్బాయి పట్టుకుని ఉన్నాడు, చూస్తున్నాడు, పంటు రెండుగా విడిపోయి అతనున్న సగం దూరంగా పోతోంది, కాగితం నీళ్ళ మీద సాగుతోంది, ఎలా ఉందో చెప్పమని అరవాలి, మాట్లాడకూడదన్నాడు కదా, అంతలో ఎవరిదో చెయ్యి నడుము మీద పడుతుంది.

"తాతా, మెల్లగా. తెంపేసుకుంటారేంటి?"

నడుము మీద ఉన్నది తన చెయ్యే. మొలతాడు పిడికిట్లో ఉంది. నర్సు క్లిప్పులు విప్పుతోంది. "అయిపోయింది. చేతి కడియం తీస్తే చాలన్నాను కదా, దాని జోలికి ఎవరూ రాలేదు. రాత్రంతా నిద్ర లేదంట, మీ ఆవిడ చెప్పింది. ఇంత గురకలో నేనెప్పుడూ తీయలేదు."

"గీత నున్నగా ఉందా అమ్మా?"

"నున్నగా ఉంటే నన్ను అడిగేవారా? ఎగుడుదిగుడుగానే ఉంది. అది ఎలాంటిదో డాక్టరుగారు చూసి చెప్తారు. వెళ్ళిపోకండి."

"వెళ్ళను," అంటాడు గన్నియ్య. చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకోబోయి ఆగిపోతాడు. ఎడమ రొమ్ము చుట్టూ గుండ్రటి ఎర్ర మచ్చలు, ఒక్కొక్కటీ గోదారి గుల్ల బోర్లించినంత, ఇంకా తడిగా.