బొటనవేలి సాక్ష్యం

పెద్దక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. ఆవిడ రఫ్ఫు కొట్టుకి వచ్చి, చిరిగిన కోటు బల్ల మీద పెట్టి, "కనపడకుండా కుట్టగలరా?" అని ఎవరైనా అడిగారో, వాళ్ళ పని అయిపోయినట్టే. "కనపడేట్టు కుట్టేవాళ్ళు పక్క వీధిలో ఉన్నారు, అక్కడికే వెళ్ళండి" అనేది. అలా అంటూనే కోటు తన వైపుకి లాక్కునేది.

కొట్టు అక్కచెల్లెళ్ళిద్దరిదీ. అందరికీ ఆవిడ పెద్దక్క, చెల్లెలు చిన్నక్క. అసలు పేర్లతో ఎవరికీ పని పడలేదు. సన్నపని పెద్దక్కది. గుడ్డ లోపలి మడతలోంచి పోగులు లాగి, చిరుగు మీద ఒక్కొక్క పోగే అడ్డంగా, నిలువుగా నేసుకుంటూ పోవాలి. ముతకపని, ఇస్త్రీ, గిరాకీలతో మాటలు చిన్నక్కవి. "సన్నపని నీకు రాదే, ముట్టుకోకు" అని పెద్దక్క రోజుకు ఒకసారైనా అనకపోతే పొద్దు గడిచేది కాదు. పెద్దక్క ఎడమ కన్ను పుట్టుకతోనే మందం. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలుస్తుంది గాని ముఖం తెలియదు. ఉన్నదల్లా కుడి కన్నే. దానికి చిన్న భూతద్దం బిగించుకుని ముప్ఫై ఏళ్ళు పోగుల మధ్యే బతికింది.

ఒకరోజు ఆ పోగులు నడిమధ్యలో వంకర తిరిగాయి. ముందు మిల్లువాళ్ళని తిట్టింది. తలెత్తి చూస్తే తలుపు చట్రం కూడా వంకరగానే ఉంది. దాన్ని ఎవరి మీద పెట్టి తిట్టాలో తెలియక నోరు మూసుకుంది. మర్నాడు చిన్నక్క ఆవిణ్ణి కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

"కంటి వెనక తెర కింద కొత్త రక్తనాళాలు మొలిచాయమ్మా" అంది డాక్టరమ్మ. "అక్కడ ఉండకూడనివి. లోపల ఏదో బాగు చేద్దామని ఒళ్ళే వాటిని మొలిపిస్తుంది. కానీ వాటి గోడలు పల్చన. నీరు, నెత్తురు కారి తెర ఉబ్బుతుంది. అందుకే తిన్నటి గీత మీకు వంకరగా కనపడుతోంది."

"అంటే, పని రానివాళ్ళు రఫ్ఫు వేసినట్టన్నమాట."

"సరిగ్గా అంతే" అని డాక్టరమ్మ నవ్వింది.

వైద్యం మాట వినేసరికి మాత్రం పెద్దక్కకు నవ్వు రాలేదు. కంట్లో సూది. ఆ నాళాల్ని పెరగమని చెప్పే పదార్థాన్ని ఆ మందు అడ్డుకుంటుందట. నెలకొకటి చొప్పున మూడు వేశారు. లోపలికి పిలిచేదాకా మూడుసార్లూ చిన్నక్కే చెయ్యి పట్టుకుని కూర్చుంది. "ఏడవకే, సూది నాకు" అని పెద్దక్కే దాన్ని కసురుకుంది.

మూడోదానికి గీతలు చాలావరకు సర్దుకున్నాయి. కాస్త వంపు మిగిలింది. "ఆ కాస్త ఉండిపోవచ్చు" అంది డాక్టరమ్మ. "కానీ పీడ వదిలిందనుకోకండి. ఆ నాళాలు మళ్ళీ ఎదుగుతాయి. నెలనెలా వచ్చి చూపించుకోండి. ఈ గళ్ళ కాగితం రోజూ చూడండి, గళ్ళు ఇంకా వంగితే ఆ రోజే రండి."

పెద్దక్క ఆ కాగితాన్ని కొట్టు గోడకు గుచ్చింది. గుచ్చి మరిచిపోయింది. "పొద్దస్తమానం గళ్ళే చూస్తున్నాను, అవి చాలవని ఇంకో గళ్ళ కాగితం ఇచ్చింది చూడు" అనేది.

అదిగో, చిక్కంతా అక్కడే వచ్చింది. ఆవిడ నమ్మింది కాగితాన్ని కాదు, బొటనవేలిని. వాళ్ళ అమ్మ నేర్పిన పద్ధతి అది. వేసిన రఫ్ఫును సాయంత్రం తడిపి, బరువు కింద పెట్టి ఇంటికి వెళ్ళిపోవాలి. పొద్దున బరువు తీసి, కళ్ళు మూసుకుని, బొటనవేలు దాని మీద నడపాలి. ఒక్క పోగు దాటినా వేలు తగులుకుంటుంది. పెద్దక్క వేలు ఏ పొద్దునా తగులుకోలేదు. పని తిన్నగా వస్తోందంటే కన్ను బాగున్నట్టే కదా, ఇంకా పరీక్షలేమిటి?

మొదటి నెల ఆస్పత్రికి వెళ్ళింది. రెండో నెల చేతినిండా పని.

"అక్కా, రేపు డాక్టరమ్మ రమ్మన్న రోజు" అంది చిన్నక్క.

"ఎందుకే? వేలు చెప్తోందిగా. చెయ్యి తప్పిన రోజు నేనే కొట్టుకి తాళం వేస్తాను, ఆస్పత్రి దాకా ఎందుకు?"

చిన్నక్క ఇస్త్రీపెట్టె వైపు తిరిగింది. ఆ తర్వాత నెలల్లో ఆ ఊసే ఎత్తలేదు. అప్పుడప్పుడు పోగులు మరీ మెలికలు తిరిగినట్టుండేవి, మధ్యలో మసకేసేది. ఆ కాస్త ఉండిపోతుందని డాక్టరమ్మే అందని పెద్దక్క సరిపెట్టుకునేది. పొద్దున వేలు నడిపితే అంతా నున్నగా ఉండేది.

చలి వెళ్ళి ఎండలు ముదిరాక చిన్నక్కకు జ్వరం వచ్చింది. మర్నాడు పెద్దక్క ఒక్కతే కొట్టు తెరిచి, బరువు తీసి, కోటు మోచేతి మీద వేలు పెట్టింది. వేలు తగులుకుంది. మళ్ళీ నడిపింది, మళ్ళీ తగులుకుంది. పక్కనే ఒక శాలువా ఉంటే దాని మీదా అంతే. గోడ మీది గళ్ళ కాగితం ముందుకు వెళ్ళి నిలబడితే, నడిమధ్యన గళ్ళే లేవు. ఎవరో తడివేలితో నలిపేసినట్టు ఒక మరక ఉంది. పక్క కొట్టు తాళాలాయన్ని తోడడిగి అప్పటికప్పుడు ఆస్పత్రికి పరిగెత్తింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని డాక్టరమ్మ అడిగింది.

"నిన్నటి నుంచి."

"నిన్నటిది కాదమ్మా. నెలల తరబడి కారి మచ్చ కట్టేసింది."

"మొన్నటిదాకా నా పని తిన్నగా ఉంది డాక్టరమ్మా. నా దగ్గర సాక్ష్యం ఉంది."

డాక్టరమ్మ వాదించలేదు. మచ్చ పడ్డ చోట ఇక చూపు రాదంది. చుట్టూ మిగిలిన చూపును కాపాడుకోవడానికి సూదులు మళ్ళీ మొదలుపెడదాం, ఎల్లుండే రమ్మంది. "ముందే వచ్చుంటే?" అని పెద్దక్క అడిగితే, "చాలావరకు నిలిచేది" అంది.

పెద్దక్క కొట్టుకి తిరిగొచ్చి ఆ కోటు విప్పి మళ్ళీ వేద్దామని కూర్చుంది. గోధుమరంగు పోగు కోసం చిన్నక్క సొరుగు తడిమితే చేతికి ఒక బిస్కట్ల డబ్బా తగిలింది. నిండా పోగుల చుట్టలు. రఫ్ఫు చేసేవాళ్ళు పోగు పారేయరు, ఎంత చిన్నదైనా దాచుకుంటారు. కానీ కొత్త పోగు తిన్నగా ఉంటుంది. విప్పిన పోగు మాత్రం నేత మెలికలు మరిచిపోదు. ఇవన్నీ మెలికలు తిరిగిన పోగులే. డబ్బాని కిటికీ దగ్గర ఓరగా పట్టుకుని కంటి అంచుతో చూసింది. బూడిదరంగు ప్లీడరుగారి కోటుది. నీలం పంతులమ్మ శాలువాది. గిరాకీలు మెచ్చుకుంటూ పట్టుకెళ్ళిన గుడ్డల పోగులన్నీ అక్కడున్నాయి.

ఆ డబ్బాని ఇంటికి పట్టుకెళ్ళి చెల్లెలి మంచం మీద పెట్టింది.

"ఇవేమిటే?"

చిన్నక్క లేచి కూర్చుంది. తల వంచుకునే చెప్పింది. "పొద్దున్నే నువ్వు రాకముందు వెళ్ళి, విప్పి మళ్ళీ వేసేదాన్ని."

"ఎప్పటి నుంచి?"

"చలికాలం నుంచి. చెయ్యి తప్పితే కొట్టు మూసేస్తానన్నావు కదక్కా. కొట్టు లేకపోతే నువ్వేమైపోతావో అనుకున్నా. నువ్వు బాధపడతావని."

"బాధపడితే కన్నుండేది కదే."

"ఆస్పత్రికి వెళ్దామన్నాను కదా..."

"ఒక్కసారి అన్నావు. నేను వేలిని చూపించాను. ఆ వేలికి రోజూ అబద్ధం చెప్తున్నది నువ్వే, తెలిసి కూడా ఊరుకున్నావు. అమ్మ నేర్పిన పద్ధతే దొరికిందా నన్ను మోసం చెయ్యడానికి?"

చిన్నక్క ఏడ్చింది. ఇంకెవరైనా అయితే పెద్దక్క దుమ్ము దులిపేసేది. దీన్ని ఏమని తిట్టాలో తెలియలేదు. సన్నపని రాదని ముప్ఫై ఏళ్ళు ఎవరినైతే దెప్పిందో, ఆ చేతి పనిని తన పనేననుకుని ఇన్నాళ్ళూ మురిసిపోయింది. అది తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది. అన్నం కలిపి పెట్టిన చెయ్యి, సూదినాడు పట్టుకున్న చెయ్యి, అదే పొద్దున్నే దొంగలా కొట్టు తెరిచి తన కన్ను తీసేసిందనిపించింది. ఆ రాత్రి గాని, మర్నాడు గాని చెల్లెలితో ఒక్క మాట మాట్లాడలేదు.

సూది రోజున పెద్దక్క బయల్దేరితే, జ్వరం ఇంకా పూర్తిగా తగ్గని చిన్నక్క ఫైలు పట్టుకుని వెనకే వచ్చింది. ఆస్పత్రిలో కూడా రెండు కుర్చీల అవతల కూర్చుంది. కంట్లో చుక్కలు వేశాక నర్సమ్మ కాగితం తీసి అడిగింది. "తోడు ఎవరొచ్చారమ్మా?"

"ఎవరూ రాలేదు."

చిన్నక్క లేచి దగ్గరకొచ్చి నిలబడింది.

"మరి ఈవిడ?" అంది నర్సమ్మ.

పెద్దక్క ఆ వైపు తిరిగింది. ముఖం ఉండాల్సిన చోట మరక ఉంది. దాని చుట్టూ చీర అంచు, ఫైలు, దాన్ని పట్టుకున్న చెయ్యి తెలుస్తున్నాయి.

"నాకు ముఖాలు కనపడవమ్మా" అంది. "ఎవరో ఏమో."

నర్సమ్మ తోడు అన్నచోట అడ్డగీత కొట్టి, లోపలికి రమ్మంది. పెద్దక్క గోడకు చెయ్యి ఆనించి, బొటనవేలితో తడుముకుంటూ ఒక్కతే లోపలికి నడిచింది.