ఏ లోటూ లేని ఇల్లు

గణపతిరావు గారూ, ఆయన వెంట వచ్చిన జరీ కండువా మనిషీ అసిరమ్మ గుమ్మం ముందు కూర్చున్న నవారు మంచం మాది. వాళ్లు కాఫీ తాగిన ఇత్తడి గ్లాసులూ మావే. కాఫీ పొడి, పంచదార నేనే కట్టి ఇచ్చాను. ఆ కాఫీ ఒక ఆడపిల్ల చదువుకి అడ్డం పడుతుందని అప్పుడు నాకు తెలియదు. తెలిశాక కూడా నోరు తెరవలేదు. అందుకే ముందుగా ఆ సంగతి చెప్పుకుంటున్నాను.

జోగివలస కింద వీధిలో ముప్పై గడపలు. అందరూ గణపతిరావు గారి పొలాల్లో కూలికి వెళ్లేవాళ్లే. ఊరికి ఆయనే మునసబు, సగం ఊరికి ఆయనే ఆసామి. వీధి మొదట్లో ఉన్న పెంకుటింట్లో మేం అద్దెకుండేవాళ్లం. మావారు జగన్నాధం గారు అక్కడి బళ్లో మేష్టారు. ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్న పైడితల్లి, ఆ వీధి నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. తండ్రి లేడు. తల్లి అసిరమ్మ ఊడ్పులకీ కోతలకీ పోయి పెంచింది. విజయనగరంలో ఆ పిల్ల ఫీజుకీ, హాస్టలు తిండికీ సర్కారు స్కాలర్‌షిప్పే ఆధారం. ఏటా ఆగస్టు నెలాఖరులోగా ఆదాయం సర్టిఫికెట్ కొత్తగా పెట్టాలి. పెట్టకపోతే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. మర్నాటి నుంచి హాస్టల్లో కంచం ఉండదు.

ఆషాఢం ఎండలో ఆ ఇద్దరూ వచ్చేసరికి పైడితల్లి విజయనగరంలో ఉంది. పంచె కట్టిన కొత్త మనిషి వీధిలోకి వచ్చి, ఆడపిల్ల ఉన్న ఇంటి ముందు కూర్చుని "ఈ ఇల్లెలాంటిది" అని అడిగితే, అది సంబంధం కోసమే. అప్పుడు వీధంతా ఒక ఇల్లవుతుంది. ఎవరింట్లో ఏముంటే అది ఆ ఇంటికి చేరుతుంది. నా మంచం అలా వెళ్లిందే. జగ్గమ్మ తన ఆవుని విప్పి పెరటి దారిన తెచ్చి అసిరమ్మ చూరు కింద కట్టింది. ఇంకొకామె ఇంకో ఆవుని తెచ్చింది. అసిరమ్మ తడిక చాటున నిలబడింది. ఇలాంటప్పుడు తల్లి ముందుకి రాకూడదు.

"పిల్ల కాలేజీలో చదువుతోందట. ఇల్లు ఎలా గడుస్తోంది? లోటేమన్నా ఉందా?" అన్నాడు కండువా మనిషి.

ఊడ్పుల కూలీలకి పెద్ద దేముడమ్మ. ఆమే ముందుకొచ్చింది. "లోటేటి బాబూ. రెండావులున్నాయి. మెట్టమీద ఎకరం సెక్క ఉన్నాది. చోళ్లు, గంటెలు పండతాయి. పది బస్తాల ధాన్నెం ఎప్పుడూ ఇంట్లో ఉంటాది. ఆ తల్లి సెయ్యి సాపి ఎరగదు."

ఆ చివరి మాట ఒక్కటే నిజం.

అతను ప్రతిదీ రాసుకుంటున్నాడు. "రాత్తన్నారేటి బాబూ" అంది జగ్గమ్మ.

గణపతిరావు గారు నవ్వారు. "పెద్దవాళ్లకి చూపించొద్దూ? చెప్పిందానికి తలో వేలిముద్రా వెయ్యండి. మాట మీద నిలబడేవాళ్లని తెలుస్తుంది."

"ఈ కాలం సంబంధాలు ఇలగే గావాల" అనుకుంటూ దేముడమ్మ వేలు చాపింది. ఆమె వెనక మరో నలుగురు.

సాయంత్రం బడి నుంచి వచ్చి సంగతి విన్న మావారు చొక్కా విప్పుతూ ఆగిపోయారు. "బడి ముందు నుంచి వెళ్తుంటే నేనూ చూశాను. అతను రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. స్కాలర్‌షిప్పు విచారణకి వచ్చాడు."

నేను లేచాను.

"కూర్చో" అన్నారు. "పోయినేడు ఆ పిల్ల ఊడ్పుల కూలి పెంచాలని అందరి తరఫునా అర్జీ రాసింది. అప్పట్నించీ గణపతిరావు గారు కాచుకుని ఉన్నారు. నా బదిలీ ఆయన నోటి మాట మీద ఉంది. మనం మధ్యలో పడొద్దు."

నేను కూర్చున్నాను. తర్వాత లేచి గ్లాసులు తోమాను. ఇరవై రోజులు అసిరమ్మ మా నూతి దగ్గర నీళ్లు తోడుకుంటూనే ఉంది. ఆమెతో వానల గురించి మాట్లాడాను.

ఇరవై ఒకటో రోజున పైడితల్లి వచ్చింది. వీధి మధ్యలో నిలబడి తాలూకా కచేరీ వాళ్లు పంపిన కాగితం, దాంతో జత చేసిన ఇన్‌స్పెక్టరు రిపోర్టు పైకి చదివింది. రెండు ఆవులు. ఎకరం మెట్ట. పది బస్తాల ధాన్యం. ఇత్తడి సామాను. కాఫీ అలవాటు ఉన్న కుటుంబం. ఆదాయం పరిమితి మించింది కనుక సర్టిఫికెట్ నిరాకరించడమైనది.

మొదట ఎవరో నవ్వారు. "ఆవులెవులివే" అని అడిగారు. జగ్గమ్మ తన ఆవు వైపు తిరిగి చూసింది.

"నీ ఇంటికి మంచి సంబంధం వచ్చిందనుకున్నానే అసిరీ" అంది దేముడమ్మ. "పొట్టకొడతన్నానని తెలీదే."

అప్పుడు నేను అరుగు దిగి వెళ్లి, నాకు తెలుసునని చెప్పాను. ఎప్పటి నుంచి తెలుసో కూడా చెప్పాను. అసిరమ్మ చాలాసేపు నా మొహంలోకి చూసింది. "ఇరవై రోజులేటమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

పైడితల్లి కాగితం మడిచింది. "పై అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు. కానీ వేలిముద్రలేసినోళ్లే వచ్చి, ఆ మాటలు నిజం కాదని సెప్పాలి. ఇంట్లో ఏటుందో ఏటి లేదో కచేరీలో సెప్పాలి."

ఒక్కసారిగా గోల లేచింది.

"కూడు లేదని ఊరుగాని ఊర్లో సెప్పుకోమంటావేటే?"

"రేపు మా పిల్లల్నెవులడుగుతారు?"

"ఊడ్పులు మొదలయ్యాయి. ఒక రోజు మానితే మునసబు మళ్లీ పన్లోకి రానిత్తాడా?"

"కూడు లేదని సెప్పడం మనకి సిగ్గయితే పిన్నీ, పొద్దల్లా మన సేత వరి నాటించుకుని చోడంబలి తాగించేవోడికెంత సిగ్గుండాల?" అంది పైడితల్లి. "నానొక్కదాన్ని సదువు మానేసి వస్తాను. వచ్చి మీ పక్కనే నాటుతాను. మునసబుకి కావలసిందదే. మళ్లీ అర్జీ ఎవులు రాత్తారు?"

దేముడమ్మ కొంగు బిగించి లేచింది. "అబద్ధం ఆడింది ఈ నోరే. నాను పోతాను. వచ్చేవోళ్లు రండి."

మర్నాడు ఇరవై రెండు మంది బయల్దేరారు. మావారు గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండగా నేను చెప్పులేసుకున్నాను.

కచేరీ మెట్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. పొద్దు నడినెత్తికి వచ్చాక ఆడవాళ్లు తెచ్చుకున్న కుండలు దించి, వరండాలోనే చోడంబలి పోసుకుని తాగడం మొదలుపెట్టారు. గుమాస్తాలు కిటికీల్లోంచి తొంగి చూశారు. దేముడమ్మ ఒక ముంత అటు చాపింది. "సూడండి బాబూ. పది బస్తాలోళ్ల ఇంట్లో కూడు ఇదే."

తహసీల్దారు బయటికొచ్చాడు. అప్పీలు చదవలేదు. "మీ వెనక ఎవరున్నారు? కొండల్లోంచి ఎవరన్నా వచ్చారా?" అన్నాడు. కొండల్లో నక్సలైట్లున్న ఆ రోజుల్లో నలుగురు కూలీలు ఒక చోట చేరితే అదే ప్రశ్న. రోడ్ల మీద పోలీసు లారీలు తిరుగుతున్నాయి.

"కొండల్నించి పుల్లలమ్మీవోళ్లొస్తారు బాబూ. మా దగ్గిర కొనడానికేటీ లేదని ఈ మధ్య ఆళ్లూ రావట్లేదు" అంది దేముడమ్మ.

"వేలిముద్రలు మీవి కావా?"

"మావే. మాట అబద్ధం."

"అయితే ఇదీ అబద్ధం ఎందుకు కాకూడదు? లేవండి."

వాళ్లు లేవలేదు. నేనూ లేవలేదు. పోలీసు లారీ వచ్చి మమ్మల్ని స్టేషనుకి ఎక్కించుకుపోయింది. కచేరీ పనికి అడ్డం వచ్చారని మనిషికి పది రూపాయలు జరిమానా వేశారు. సాయంత్రం మావారు వచ్చి నా పది రూపాయలూ కట్టి ఇంటికి తీసుకొచ్చారు. మిగిలినవాళ్లు కట్టలేమన్నారు. ఎక్కణ్ణించి కడతారు? నాలుగు రోజులు లాకప్పులో ఉంచి వదిలేశారు, జరిమానా కింద ఇళ్లల్లో సామాను జప్తు చెయ్యమని ఉత్తర్వు ఇచ్చి.

మునసబు వాళ్లని పన్లోకి రానిచ్చాడు. దయతో కాదు. ఆకుమళ్లలో వరినారు ముదిరిపోతోంది. వాళ్లు లేకపోతే నాటేవాళ్లు లేరు.

ఆగస్టు ఇరవై తొమ్మిదిన తెల్లవారకుండానే ఆడవాళ్లు ఆకు తీసి, కట్టలు కట్టి, గట్ల మీద పేర్చారు. తీసిన ఆకు ఎక్కువసేపు ఆగదు, నీళ్లలో పడాలి. అంతలో జప్తుకి మనుషులొచ్చారని కబురొచ్చింది. అందరూ కాళ్ల బురదతోనే వీధిలోకి పరుగెత్తారు.

వచ్చింది అదే ఇన్‌స్పెక్టరు. పక్కన మునసబు గారు. ముందు అసిరమ్మ ఇల్లే.

అసిరమ్మ తడిక తీసి పక్కకి నిలబడింది. అతను లోపలికి వంగి చూశాడు. రెండు మట్టి కుండలు, ఒక చాప, చూరులో దోపిన కొడవలి. చూస్తూ చూస్తూ అతని మొహం మారింది. ఇక్కడ ఏమీ లేదని రాస్తే, నెల కిందట తను రాసింది ఏమవుతుంది?

కాగితం తీసి అన్నాడు: "ఇళ్లు తాళాలేసి ఉన్నాయని రాసుకుని పోతాను. మీకూ గొడవ ఉండదు."

"తడికకి తాళమేటి బాబూ" అంది అసిరమ్మ.

ఆమె గొంతు ఎప్పుడూ అంత గట్టిగా వినలేదు నేను. "తొలీసారి నాను సాటున నిలబడ్డాను. మీరు అడిగింది నన్ను కాదు. ఇప్పుడు నన్నడగండి. ఆవుల్లేవు. సెక్క లేదు. గింజ లేదు. ఉన్నదాన్ని లేదన్నానేమో, లోపలికెళ్లి ఎతుక్కోండి. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టండి."

అతను కదలబోయాడు. ఆడవాళ్లు పక్కకి జరగలేదు. ఎవరూ అతన్ని ముట్టుకోలేదు, దారి ఇవ్వలేదంతే.

"ఇది జరిమానా కాగితం. దీంతో మీకేం ఒరుగుతుంది?" అన్నాడు.

"దేనికైతేటి. సంతకం నీదే గదా" అంది దేముడమ్మ.

మునసబు గారు ఆకాశం వైపు చూశారు. ఎండ ముదురుతోంది. "ఏయ్, పొలంలో ఆకు వాడిపోతోంది. నడవండి."

"కాయితం రాసేక నడుత్తాం."

ఆయన ఇన్‌స్పెక్టరు వైపు తిరగకుండానే అన్నారు: "రాసి పారెయ్యండి."

'జప్తుకు తగిన ఆస్తి ఏమీ లేదు' అని రాశాడు. పైడితల్లి పక్కన నిలబడి ఒక్కో మాటా పైకి చదివించుకుంది. నకలు కూడా రాయించింది. మునసబు సంతకం పడింది. సాక్షి సంతకం ఇంకొకటి కావాలి.

"ఇలా ఇవ్వండి" అన్నాను.

గణపతిరావు గారు నన్ను చూశారు. "మేష్టారికి చెప్పే వచ్చారా అమ్మా?"

"ఇంటికెళ్లి చెబుతాను" అని సంతకం పెట్టాను. పదిహేను రోజుల్లో మా బదిలీ కాగితం వచ్చింది. సామాను మావారే సర్దారు.

ఆ పాత కాగితమూ ఈ కొత్తదీ పట్టుకుని తల్లీ కూతురూ కచేరీకి బయల్దేరారు. మిగిలినవాళ్లు పొలానికి వెళ్లి గట్టు మీద కూర్చున్నారు. నేనూ వెళ్లాను.

"సంతకం పెట్టానుగా. దిగండి" అన్నారు మునసబు గారు.

"సంతకం అసిరి కూతురికి. మాకేటి?" అంది దేముడమ్మ. "పోయినేడు అర్జీలో అడిగిన కూలి ఇత్తాననండి. దిగుతాం."

ఆయన బూతులు తిట్టారు. పోలీసుల పేరెత్తారు. చివరికి పాలేరు ఎర్రన్నని పిలిచి, బండి కట్టి పక్క ఊరి కూలీల్ని ఎక్కించుకు రమ్మన్నారు. ఎర్రన్న తల వంచుకుని బండి తోలుకుపోయాడు. గట్టు మీద ఆకు కట్టల చివర్లు పసుపు తిరుగుతున్నాయి. జగ్గమ్మ వాటి వైపు చూడలేక మొహం తిప్పుకుంది. నాటే చేతులకి ఆ చూపు కష్టం. అయినా ఎవరూ లేవలేదు.

పొద్దు వాలే వేళకి తల్లీ కూతురూ వచ్చారు. ఒకే చేతి సంతకంతో రెండు మాటలున్న కాగితాలు పక్కపక్కన పెట్టి, వీటిని కలెక్టరుకి పంపుతానని పైడితల్లి అందట. తహసీల్దారు ఇన్‌స్పెక్టరుని లోపలికి పిలిచి తలుపేసుకున్నాడట. గంట తర్వాత సర్టిఫికెట్ బయటికొచ్చింది. తెల్లారి కొత్తవలసలో రైలెక్కితే, గడువుకి ఇంకా ఒక రోజు మిగిలి ఉండగానే కాలేజీలో ఇవ్వొచ్చు. అసిరమ్మ ఆ కాగితాన్ని మడతలు పడకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకుని అందరికీ చూపించింది. చదవలేనివాళ్లు కూడా వంగి వంగి చూశారు.

అంతలో బండి చప్పుడైంది. మునసబు గారు గొడుగు ముడిచి రోడ్డు మీదికి నడిచారు. బండి ఖాళీగా ఉంది.

"రారంట బాబూ" అన్నాడు ఎర్రన్న.

"ఎందుకు రారు?"

"ఇక్కడోళ్లు ఎంత కూలికి కూకున్నారని అడుగుతన్నారు." ఎర్రన్న బండి దిగలేదు. మొదటిసారి తలెత్తి ఆయన కళ్లలోకి చూశాడు. "ఎంతని సెప్పమంటారు?"