ఒక పన్ను తేడా

జొన్నపిండిలో వేడినీళ్లు పోసి కలుపుతున్న జములమ్మ చెయ్యి ఆగిపోయింది. బయట వాకిట్లో నట్లు తిప్పే పానా కింద పడింది. పొద్దున్నుంచి ఇది మూడోసారి. చప్పుడును బట్టి పన్నెండు నంబరు పానా అని ఆమెకు తెలిసిపోయింది. సందు ఇరుకుగా ఉన్నచోట దాన్ని వేళ్లతో పట్టుకుంటే జారుతుంది, అరచేత్తో నొక్కిపెట్టి తిప్పాలి. ఆ మాట చెప్పడానికి గడపదాకా వెళ్లింది. అక్కడ నిలబడ్డ మనిషిని చూసి వెనక్కి వచ్చి, పిండిముద్దను పీటమీద పెట్టి కొట్టసాగింది.

వాకిట్లో తెల్ల మారుతి వ్యాను ఉంది. ముందు సీటు ఎత్తి, కింద ఉన్న ఇంజన్ మీదికి వంగి ఆమె భర్త బుచ్చన్న పనిచేస్తున్నాడు. పక్కన వ్యాను యజమాని ప్రభుదాసు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన అక్కడ నిలబడ్డాడు కాబట్టే జములమ్మ వంటింట్లో ఉంది. లేకపోతే ఆ ఇంజన్ మీద వంగి ఉండేది ఆమె.

నాలుగేళ్ల కిందట జాకీ జారి బండి బుచ్చన్న కుడిచేతి మీద పడింది. కర్నూలు దవాఖానలో వేళ్లను దక్కించారు గాని వాటిలోని బలాన్ని దక్కించలేకపోయారు. చాయ్ గ్లాసు పట్టుకుంటాడు, అన్నం కలుపుకుంటాడు, నట్టు మాత్రం బిగించలేడు. వనపర్తి బస్టాండు దగ్గర ఉన్న షెడ్డు మూతపడింది. పని పెబ్బేరు రోడ్డులోని ఇంటి వాకిట్లోకి వచ్చింది. మొదట్లో అతను స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, ఆమె చేసేది. ఎడమకు తిప్పు, అది కాదు దాని పక్కది, జర మెల్లగ. గద్వాలలో పదో తరగతి దాకా చదివి, లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుని, అంతటితో పెళ్లయి వచ్చిన పిల్ల ఆమె. ఏడాది తిరిగేసరికి అతను చెప్పాల్సిన పని లేకుండా పోయింది. రెండేళ్లు తిరిగేసరికి బండి గేటు దాటి లోపలికి రాకముందే దాని రోగమేమిటో చప్పుడును బట్టి ఆమెకు అర్థమయ్యేది. ఊళ్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు, బుచ్చన్న చెయ్యి బాగైందనే అనుకునేవారు. బండి తెచ్చినవాళ్లకు సాయంత్రం రమ్మని చెప్పి పంపించేవారు. వాళ్లు సందు మలుపు తిరగ్గానే గేటు మూసి, గోడకూ చూరుకూ మధ్య టార్పాలిన్ పట్టా కట్టేవారు. వాళ్లు వచ్చే వేళకు ఆమె సబ్బుపొడితో చేతులు తోముకుని చాయ్ పెట్టడానికి లోపలికి పోయేది. బుచ్చన్న పాత ఆయిల్ డబ్బాలో చెయ్యి ముంచి మోచేతుల దాకా పులుముకునేవాడు.

మొదటిసారి అది చూసినప్పుడు ఆమెకు జాలి కలిగింది. ఇంత పెద్ద మనిషి, ఎవరి ముందూ తల వంచని మనిషి, చేతులకు మసి పూసుకుని నిలబడాల్సి వచ్చిందే అని. పదోసారి కూడా జాలే కలిగింది. ఆ జాలి ఎప్పుడు చేదెక్కిందో ఆమెకు గుర్తులేదు. బండి స్టార్టు చేసి చూసుకుని, మేస్త్రీ నీ చేతిల ఏదో మహత్తు ఉన్నదయ్యా అని వాళ్లు అంటుంటే, ఆమె గడపలో చాయ్ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడేది. అతను నవ్వేవాడు. ఆమె వైపు మాత్రం చూసేవాడు కాదు. చూసి ఉంటే ఇంకో నాలుగేళ్లు కూడా అట్లాగే గడిచిపోయేవేమో. అత్త ఈదమ్మకు కూరలో కిరసనాయిలు వాసన వచ్చేది. మొగోని చెయ్యి పోయిందని ఊరంత చెప్పుకుంట తిరగకు అనేది, ఆమె ఎక్కడా తిరగకపోయినా. బిడ్డ అమూల్య బడిలో ఏదో కాగితం నింపుతూ, మా అమ్మ ఏం పని చెయ్యది సార్, ఇంట్లనే ఉంటది అని చెప్పిందట. ఇంటికొచ్చి ఆ మాటను ఎంతో మామూలుగా చెప్పింది. ఆ రోజంతా జములమ్మకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. బుచ్చన్న చెడ్డవాడు కాదు. ఏనాడూ చెయ్యెత్తలేదు. అదే కష్టం. చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవడమైనా తేలికయ్యేది.

ఈరోజు ప్రభుదాసును పంపించడం కుదరలేదు. ఆయనది వీపనగండ్ల. భార్య సాయమ్మకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు కర్నూలుకు తీసుకుపోయి మిషను మీద రక్తం శుద్ధి చేయించాలి. రేపు తెల్లవారి ఆమె వంతు. ఇంజన్ లోని టైమింగ్ బెల్టు పళ్లు పగిలిపోయాయని, ఎక్కడ తెగితే అక్కడే బండి నిలిచిపోతుందని ఎవరో చెబితే, కొత్త బెల్టు కొనుక్కుని భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఈ మనిషిని వదిలిపెట్టి నేనేడికి పోత మేస్త్రీ, ఇక్కడనే కూసుంట అన్నాడు. ఇవాళ కాదని బుచ్చన్న అనగలిగేవాడే. కాని సాయమ్మ వ్యాను దిగుతూ తలుపు పట్టుకుని ఆగి ఊపిరి తీసుకోవడం అతనూ చూశాడు. రెండు గంటల పని, కూసోండ్రి అన్నాడు. అని జములమ్మ వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం లోపలికి పొమ్మని.

ఎండ ముదరగానే సాయమ్మను లోపలికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టింది జములమ్మ. ఆమె కాళ్లు ఉబ్బి, చెప్పుల పట్టీల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. నీళ్లిస్తే పెదవులు మాత్రం తడుపుకుని గ్లాసు తిరిగి ఇచ్చింది. రోజుకు ఇన్ని నీళ్లే అని డాక్టరు కొలత పెట్టాడంది. కొద్దిసేపు జములమ్మను చూస్తూ కూర్చుంది. జములమ్మ రొట్టె కొడుతోంది, ఆగుతోంది, గడప వైపు చెవి పెడుతోంది, మళ్లీ కొడుతోంది. పెనం మీద రొట్టె మాడింది.

"నీ పానం ఇక్కడ లేదు చెల్లె," అంది సాయమ్మ.

జములమ్మ ఏం లేదక్కా అంది.

"నీ గోర్లల్ల ఉన్నది పొయ్యి మసి కాదు గదా."

జములమ్మ చప్పున చేతులు పిండిలోకి దాచుకుంది.

అప్పుడే బయట బండి స్టార్టయింది. జములమ్మ రొట్టె కొట్టడం ఆపి విన్నది. ఇంజన్ తిరుగుతోంది గాని ఒళ్లు విదిలించుకుంటున్నట్టు తిరుగుతోంది. ఒక దెబ్బ ముందు, ఒక దెబ్బ వెనక. ఏం జరిగిందో ఆమెకు కళ్లకు కట్టినట్టు కనబడింది. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెంటినీ కలిపి తిప్పే పళ్ల బెల్టు. రెండు చక్రాల మీది గుర్తులూ తమతమ చోట్లకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. చివర్లో బెల్టును బిగువుగా లాగిపెట్టేటప్పుడు అతని వేళ్లు వదిలేసి ఉంటాయి. పై చక్రం ఒక్క పన్ను జరిగింది. ఒక్క పన్నే. బండి నడుస్తుంది. కాని గుంజదు, వేడెక్కుతుంది, పెద్ద రోడ్డు మీద లారీల మధ్య ఏ ఎత్తు దగ్గరో ఆగినా ఆగుతుంది. బయట ప్రభుదాసు ఏదో అడిగాడు. కొత్త బెల్టు కదా, ఒకట్రెండు దినాలల్ల సర్దుకుంటది అన్నాడు బుచ్చన్న.

చిన్న పని ఉందని అతన్ని వెనక గదిలోకి పిలిచింది.

"ఒక పన్ను తప్పింది," అంది.

"తెల్సు." అతను గోడ వైపు చూస్తున్నాడు. "చేతిల పట్టు దొరకలే. రేపు పోయి రాని. ఎల్లుండి తెమ్మంట, అప్పుడు నువ్వు సూద్దువు."

"దారిల ఆగిపోతే?"

"ఆగదు."

"ఆమె కాళ్లు సూసినవా నువ్వు?"

ఆమె ఎప్పుడూ వినని గొంతుతో అతను అన్నాడు. "నువ్విప్పుడు బయటికొచ్చి పానా పట్టినవనుకో, ఈ ఊర్ల నేను ఇంగ ఏంది జములా?"

ఆ మాట ఆమెను నిలబెట్టేసింది. నిజమే. అతనేమిటో అది చెదిరిపోకుండా నాలుగేళ్లుగా కాపాడింది ఆమె. పట్టా కట్టి, గేటు మూసి, చేతులు తోముకుని, పళ్లెం పట్టుకుని కాపాడింది. నేను ఇంగ ఏంది అని అతను ఇప్పుడు అడుగుతున్నాడు. ఆ ప్రశ్న తన గురించి ఎవరూ అడగలేదు. తనూ అడుక్కోలేదు. అడుక్కోవడానికి తీరిక ఏది? పొయ్యి నుంచి ఇంజనుకు, ఇంజను నుంచి పొయ్యికి, మధ్యలో చేతులు కడుక్కోవడానికే సరిపోయేది. అతని మీద జాలి ఇప్పటికీ ఉంది. కాని ఆ జాలిని మంచం మీద కూర్చున్న ఆ మనిషి ఎందుకు మోయాలి? బయట ఇంజన్ అట్లాగే కొట్టుకుంటోంది. ఆ తప్పుడు చప్పుడు ఆమెకు అరికాల్లో ముల్లులా ఉంది. ఎవరేమనుకుంటారన్నది తర్వాత సంగతి, ముందు దాన్ని తీసేయాలి. అంతకుమించి ఆ క్షణాన ఆమె పెద్దగా ఏమీ ఆలోచించలేదు. కొంగు నడుముకు దోపుకుని వాకిట్లోకి నడిచింది.

"అన్నా, బండి బంద్ చెయ్యి. బెల్టు ఒక పన్ను పక్కకు పడ్డది. మల్ల తియ్యాలె."

ప్రభుదాసు ఆమెనూ, వెనక గడపలోకి వచ్చిన బుచ్చన్ననూ మార్చి మార్చి చూశాడు. మేస్త్రి ఏమంటాడని అడిగాడు. బుచ్చన్న చెప్పులు వేసుకుని, గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. లోపలి నుంచి ఈదమ్మ శాపనార్థాలు మొదలుపెట్టింది. ప్రభుదాసుకు ఎటూ తోచలేదు. ఇది ఆడోల్లు చేసే పని కాదు గదమ్మా, రేపు కర్నూలు పోయేదున్నది అని నసిగాడు.

"ఆమెను చెయ్యనియ్యి," అంది సాయమ్మ, గోడ పట్టుకుని వాకిట్లోకి వస్తూ. "బండిల కూసునేది నేను."

జములమ్మ ఎత్తిన సీటు కింద ఇంజన్ మీదికి వంగింది. పట్టా లేదు. పక్కింటి గోడ మీద రెండు తలలు లేచాయి. ఆమె పై మూత విప్పింది, నట్లను వరసగా గుడ్డ మీద పెట్టింది. సాయమ్మ స్టూలు దగ్గరకు లాక్కుని ఎండ దిగని సందులోకి టార్చిలైటు పట్టింది. లైటు వణికినప్పుడల్లా ఆగి, జర ఇటు అక్కా అంటూ జములమ్మ పని చేసుకుంది. బిగువు వదులు చేసి బెల్టు తీసింది. పై చక్రాన్ని ఒక్క పన్ను వెనక్కి తిప్పి గుర్తుకు గుర్తు నిలబెట్టింది. కింది చక్రాన్ని వేలితో తడిమి చూసింది. బెల్టు ఎక్కించి, ఒక చేత్తో కదలకుండా పట్టి, రెండో చేత్తో బిగించింది. నాలుగేళ్లలో పట్టా లేకుండా ఎండ వెలుతురులో ఇంజన్‌ను చూడటం ఇదే మొదలు. ఇంత స్పష్టంగా కనిపిస్తుందా అనుకుంది. పానాతో ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ చూసుకుని, మూత బిగించి, స్టార్టు చెయ్యమంది.

ఈసారి ఇంజన్ నిమ్మళంగా తిరిగింది. ప్రభుదాసు వ్యానును రోడ్డు మీదికి తీసి, ఎత్తు ఎక్కించి దించి తీసుకొచ్చాడు. దిగి కొద్దిసేపు నేల చూశాడు.

"ఎన్నేండ్ల సంది చేస్తున్నవమ్మా?"

"నాలుగేండ్లు."

"మరి పోయిన నెల మా బావ జీపు?"

"నేనే."

ఆయన తల ఊపాడు. సాయమ్మ వ్యాను ఎక్కి, అద్దం దించి, జములమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మసితో ఉందని జములమ్మ వెనక్కి తీసుకోబోయింది. సాయమ్మ వదల్లేదు. పోయొస్త చెల్లె, మల్ల బండికి ఏదన్నైతే నీ దగ్గరికే వస్తం అంది.

బుచ్చన్న పొద్దుగూకే వేళకు వచ్చాడు. ఎక్కడికి పోయావని ఆమె అడగలేదు. అన్నం పెట్టింది. ఈదమ్మ ముఖం తిప్పుకుని తింది. అతను కంచంలోకి చూస్తూ సగం అన్నం తిన్న తర్వాత, కింది చక్రం గుర్తు చూసినావా అని అడిగాడు. చూసిన, రెండు సుట్లు తిప్పి మల్ల చూసిన అంది. ఊ అన్నాడు. ఆ ఊ లో ఏముందో ఆమెకు తెలియలేదు. కోపమా, ఒప్పుకోలా, అలసటా? ఒకప్పుడైతే తెల్లవారేదాకా దాని గురించే కొట్టుమిట్టాడేది. ఇప్పుడు కంచాలు తీసి కడిగింది.

మరునాడు పొద్దున ఆమె కళ్లాపి చల్లుతుంటే గేటు ముందు ఒక జీపు వచ్చి ఆగింది. పొగ నల్లగా వస్తోంది. తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి దిగాడు. కల్వకుర్తి దిక్కు నుంచి వస్తున్నానని, పేరు శంకరయ్య అని, ఎవరో ఇల్లు చూపించారని చెప్పాడు. బుచ్చన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేవబోయి, లేవకుండా ఆగిపోయాడు. లోపలికి పొమ్మనే చూపు కోసం జములమ్మ అటు తిరగలేదు.

"మేస్త్రి ఉన్నడా అమ్మా?" అని అడిగాడు శంకరయ్య.

ఆమె చెంబు కింద పెట్టి, వెళ్లి గేటు రెండు రెక్కలూ బార్లా తీసింది.

"ఉన్న. ఇక్కడనే ఉన్న. బండి లోపటికి తే."