పదిహేడో గుంత దగ్గర తుంగ

గోల్ఫు ఆటంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. ఆటన్నాక ఇద్దరు కలబడాలి, అరుపులుండాలి, చూసేవాడి గొంతు కూడా బొంగురుపోవాలి. ఇదేం ఆట? ఎండలో అయిదు గంటలు నడవడం, నోరు మూసుకుని ఎవడి బంతి వాడు కొట్టుకోవడం. కానీ నా చెల్లెలు తాయారు కొడుకు దేవేంద్రకి ఈ పిచ్చి పట్టింది. వాడికి పట్టాక మేనమామని, నాకు తప్పుతుందా?

మా బావ గణపతిరావు విజయనగరం అవతల ఒక జనపనార మిల్లులో పనిచేసేవాడు. మిల్లు ఆఫీసర్లు ఆడుకోవడానికి తొమ్మిది గుంతల గోల్ఫు మైదానం ఉండేది. అందులో గడ్డి కోసే మిషను నడపడం బావ పని. దేవేంద్ర కర్ర పట్టింది అక్కడే. బావ పోయాక క్వార్టర్సు ఖాళీ చేసి తల్లీ కొడుకులు శ్రీముఖలింగం దగ్గర మా ఊరు వచ్చేశారు. వాడు వంశధార ఇసకలో బంతులు పెట్టి కొట్టేవాడు. కోతలయ్యాక నా మడిలో కొయ్యకాళ్ల మధ్య కొట్టేవాడు. కూర్మయ్య మేనల్లుడికి ఏట్లో నిధి దొరికినట్టుందని ఊళ్లో నన్ను ఏడిపించేవారు. దొరికితే మీకు చెబుతానా అనేవాణ్ణి.

గోల్ఫంటే టీవీలో కనిపించే కార్లూ టోపీలూ అనుకుంటారు జనం. మావాడి గోల్ఫు వేరు. అన్నీ చిన్న పోటీలే. కోయంబత్తూరు, జంషెడ్‌పూర్, అహ్మదాబాదు, ఎక్కడ పెడితే అక్కడికి జనరల్ పెట్టెలో పోవాలి. ఆ కర్రల సంచీ పైన పట్టదు, కింద పట్టదు. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని ఇరవై గంటలు కూర్చోవాలి. లాడ్జిలో గదికి ముగ్గురు. మొదటి రెండు రోజుల్లో సరిగ్గా ఆడనివాళ్లని ఇంటికి పంపేస్తారు, చేతిలో పైసా పెట్టరు. మావాడు ఒక వారం నిలిచేవాడు, మూడు వారాలు తిరిగొచ్చేవాడు. వచ్చిన రోజు అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

బొబ్బిలి వీణల ఊరు కదా, రైలు అక్కడ ఆగినప్పుడల్లా ఎక్కినవాళ్లెవరో ఒకరు సంచీలో ఉన్నది వీణా అని అడిగేవారట. ఔనని ఊరుకుంటే పోతుంది కదా? వీడు జిప్పు తీసి, ఒక్కో కర్రా చూపించి, కాదండీ అని చెప్పేవాడు. చిన్నప్పటినుంచీ అంతే, అబద్ధం వాడి నోట్లోంచి రాదు. బావ పెంపకం అలాంటిది.

పెద్ద పోటీలు ఆడాలంటే కార్డని ఒకటుండాలి. దానికోసం ఏడాదికోసారి నాలుగు రోజుల ఎంపిక పోటీ జరుగుతుంది. మొదటి పాతికమందికే కార్డు. మావాడు వరసగా మూడేళ్లు తప్పాడు. ఈ ఏడు తప్పితే ఇంకో ఏడు చూసుకుందామనడానికి వీల్లేకుండా పోయింది. ఇన్నాళ్లూ వాడు పోటీల ముందు వెళ్లి సాధన చేసుకునేది బావ మిల్లు మైదానంలోనే, ఆ మిల్లు చేతులు మారింది. కొత్త యజమానులు కార్డున్న ఆటగాళ్లనీ, తమ స్టాఫునీ తప్ప ఎవర్నీ మైదానంలోకి రానివ్వమని గేటుకి నోటీసు అంటించారు. బావ మీది అభిమానంతో వాచ్‌మేను ఈ నెలాఖరు దాకా చూసీ చూడనట్టు వదిలేస్తానన్నాడు. కార్డు వస్తే గేటు తెరుచుకుంటుంది, రాకపోతే ఆటకే నీళ్లు వదులుకోవాలి. ఇసకలోనూ మడిలోనూ ఎన్నాళ్లు కొడతాడు? ఇరవై ఏడేళ్లొచ్చాయి.

ఆ ఎంపిక పోటీ ఈ ఏడాది మా అదృష్టం కొద్దీ భోగాపురం దగ్గర సముద్రం పక్కన కొత్తగా కట్టిన మైదానంలో పెట్టారు. కొత్త చోటు కాబట్టి సంచీ మోసే క్యాడీలు చాలినంతమంది లేరు, ఎవరి మనిషిని వాళ్లు తెచ్చుకోవచ్చన్నారు. నేనొస్తానన్నాను. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఎరువు బస్తా మోసేవాణ్ణి, కర్రల సంచీ ఒక లెక్కా? పొలం తప్ప ఏమీ తెలియనివాడివి, అక్కడ నువ్వేం చేస్తావని తాయారు నవ్వింది. దేవేంద్ర మాత్రం మావయ్య ఉంటే నాకు ధైర్యంగా ఉంటుందన్నాడు. ఆ మాటకి నేను ఉబ్బిపోయాను.

ముందురోజంతా కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. బంతి ముట్టుకోకూడదు. ఎవరైనా కొట్టేటప్పుడు కదలకూడదు, దగ్గకూడదు, నీడ పడనివ్వకూడదు. బంతికీ గుంతకీ మధ్య అడుగు వెయ్యకూడదు. అన్నీ బుర్రలో పెట్టుకున్నాను. గడ్డి సంగతి మాత్రం చెప్పలేదు. ఎందుకు చెబుతాడు, ఆ అవసరం వస్తుందని ఎవరనుకుంటారు?

మూడు రోజులు బాగా ఆడాడు. నాలుగో రోజు పదహారో గుంత దాటేసరికి బోర్డు మీద చూసుకున్నాం. పాతికమందిలో ఉన్నాడు. ఈ ఆటలో దెబ్బలు ఎంత తక్కువైతే అంత పైన. పాతికో పేరు కింద గీసే గీతకి ఒకే ఒక్క దెబ్బ లోపల. ఇంకా రెండు గుంతలున్నాయి.

పదిహేడులో మొదటి దెబ్బ గాలికి కొంచెం కుడివైపు జరిగి సరుగుడు తోట అంచున పడింది. బంతి వెతకమని నన్ను ముందు పంపాడు. దొరికింది. చక్కగా పైకే ఉంది. కాకపోతే దాని వెనకాలే తుంగ దుబ్బు ఒకటి జానెడు ఎత్తున మొలిచి ఉంది. ఇంత డబ్బు పోసి కట్టిన మైదానంలో తుంగేమిటి, వీళ్ల పనివాళ్లేం చేస్తున్నారని నాకు కోపమొచ్చింది. అనుకుంటూనే వంగాను. మొదలు దగ్గర పట్టుకుని పీకి, మట్టి దులిపి, పక్కకి విసిరేశాను. నలభై ఏళ్లుగా తుంగ కనిపిస్తే నేను చేసే పని అదే. ఆలోచించి చేసింది కాదు. అసలు చేస్తున్నానన్న స్పృహే నాకు లేదు.

దేవేంద్ర వచ్చాడు. బంతి చూశాడు. దాని వెనక తడిమట్టి చూశాడు. నా చెయ్యి చూశాడు.

"మావయ్యా, ఇక్కడ ఏటి పీకినావు?"

"తుంగ రా. కలుపు."

వాడి మొహంలో రక్తం పోయింది. నాకింకా అర్థం కాలేదు. బంతి ముట్టుకోలేదురా, ఒట్టు, అన్నాను. అప్పుడు మెల్లిగా చెప్పాడు. బంతి చుట్టూ మొలిచినదాన్ని ఆటగాడు గానీ, వాడి మనిషి గానీ పీకకూడదట. పీకితే కొట్టడానికి సుళువు చేసుకున్నట్టట. రెండు దెబ్బలు శిక్ష.

చుట్టూ చూశాను. వాడితో ఆడే ఇద్దరూ అవతలి అంచున వాళ్ల బంతుల దగ్గర ఉన్నారు. ఇటు ఎవరూ చూడటం లేదు.

"ఎవుడు సూసినాడ్రా? నువ్వు కొట్టీ. కొట్టీసి ఎలిపో."

"నేను సూసినాను కదా మావయ్యా."

చెయ్యెత్తి అధికారిని పిలిచాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగబోయాను. వాడు లాక్కోలేదు, విదిలించలేదు, అలాగే ఎత్తి పట్టుకున్నాడు. నేనే వదిలేశాను.

నిబంధనలు చూసే అధికారి చిన్న బండి మీద వచ్చింది. పేరు అనిత. నలభై ఏళ్లుంటాయి, నెమ్మదైన మనిషి. దేవేంద్ర ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను మధ్యలో దూరి తప్పు నాది తల్లీ, వాడు పాపం అటుపక్కనున్నాడు, కావాలంటే నన్ను బయటికి పంపెయ్యండి అన్నాను. క్యాడీ తప్పు ఆటగాడికే పడుతుందండి, అంది. తర్వాత వంగి ఆ మట్టి చూసి, బంతి ఇంకా కొట్టలేదు కాబట్టి ఒక దారుంది అంది.

"ఆ మొక్కని ఎక్కడ పీకారో అక్కడే, మునుపు ఎలా ఉందో అలా నిలబెట్టగలిగితే శిక్ష ఉండదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. నాటడమా? నా బతుకంతా చేసింది నాటడమే. ఎకరాలకెకరాలు నాటినవాణ్ణి, దుబ్బు తుంగ నాటలేనా? పరుగెత్తి వెతికి తెచ్చాను. మోకాళ్ల మీద కూర్చుని, బొటనవేలితో గుంట చేసి, మొదలు దూర్చి, చుట్టూ మట్టి నొక్కాను. చెయ్యి తీశాను. తుంగ పక్కకి ఒరిగింది.

తుంగ గుణం నాకు తెలుసు. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ నేలలో ఉండిపోతుంది. నిలబెట్టే వేరు ఇప్పుడు దానికి లేదు. పైగా విసిరేటప్పుడు నా గుప్పిట్లో నలిగింది. మళ్లీ నాటాను. ఇంకా లోపలికి నొక్కితే ఎత్తు తగ్గింది, మునుపు ఇంత పొట్టిగా లేదని నేనే పైకి లాగాను. మళ్లీ ఒరిగింది. మూడోసారి మట్టి మీద ఉమ్మి తడిపి మరీ నొక్కాను. రెండు క్షణాలు నిలబడింది. సముద్రం మీది గాలి ఒక్కసారి తగిలింది, వాలిపోయింది. ఆ కలుపు మొక్కకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. నిలబడవే తల్లీ, ఈ ఒక్కసారి నిలబడు అని.

నాలుగోసారి చెయ్యి పెట్టబోతే దేవేంద్ర వంగి నా భుజం పట్టుకున్నాడు.

"సాలు మావయ్యా. లెగు."

రెండు దెబ్బలూ లెక్క చీటీ మీద రాసుకున్నారు. అనిత గారు నా వంక చూడలేదు.

ఆ తర్వాత వాడు ఆడిన తీరు చెబితే ఎవరూ నమ్మరు. ఆ తోట అంచునుంచి కొట్టిన బంతి గ్రీను మీద, జెండాకి నాలుగు అడుగుల దూరంలో ఆగింది. గ్రీనంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి. అక్కణ్ణుంచి ఒక్క దెబ్బలో వేస్తే పోయినదాంట్లో ఒకటి తిరిగొస్తుంది. వేశాడు. ఇప్పుడు సరిగ్గా గీత మీదున్నాడు. పద్దెనిమిదిలోనూ ఎక్కడా చెయ్యి వణకలేదు, ఎన్ని దెబ్బల్లో వెయ్యాలో అన్నింట్లోనే వేశాడు. ఒడ్డున పడ్డామనుకున్నాను. అరగంట లెక్కలు కట్టే గుడారం దగ్గర నిలబడ్డాం. మా వెనకాల వచ్చిన ఆటగాడెవరో చివరి గుంతలో ఒక దెబ్బ మిగుల్చుకున్నాడు. ఆ దెబ్బతో గీత కదిలింది. దేవేంద్ర ఇరవై ఆరో పేరు.

నేను కళ్లు మూసుకుని లెక్కేసుకున్నాను. ఆ రెండు దెబ్బలే లేకపోతే గీతకి ఇంకా లోపలే ఉండేవాడు. నా కొడకా కూర్మయ్యా, నీ చెయ్యి ఈ పొద్దున్నే పడిపోకపోయిందేం అని తిట్టుకున్నాను. వాడు నన్ను ఒక్క మాట అంటే బాగుండేది. అరిచినా, సంచీ విసిరికొట్టినా బాగుండేది. గెలిచినవాళ్లందరికీ చెయ్యి కలిపి, నాకు మంచినీళ్ల సీసా తెచ్చిచ్చి, బస్సు టైమవుతోంది పద మావయ్యా అన్నాడు.

శ్రీకాకుళం బస్సులో వెనక సీటు దొరికింది. సంచీ ఇద్దరి ఒళ్లోనూ అడ్డంగా పెట్టుకున్నాం. రణస్థలం దాటాక తాయారు ఫోను చేసింది. మైదానం వదిలినప్పటినుంచీ ఆ ఫోను కోసమే భయపడుతున్నాను. ఉన్న నిజం చెబుతాడు, వాడికి వేరే చేతకాదు. చెప్పాక నా చెల్లెలు నా మొహం చూస్తుందా? చూడకపోయినా న్యాయమే. చెప్పెయ్యరా అని మనసులో అనుకున్నాను.

"రానేదమ్మా," అన్నాడు. "ఒక్క దెబ్బలో పోయినాది."

అవతల ఏదో అడిగింది. వాడు కిటికీవైపు తిరిగాడు.

"ఎవుల తప్పూ కాదమ్మా, నాదే. సివర్లో సెయ్యి వొణికిపోయినాది."

ఇరవై ఏడేళ్లలో నేను విన్న మొదటి అబద్ధం. ఫోను లాక్కుని కాదు తాయారూ, నేనే అనాలి. నోరు తెరిచాను కూడా. ఇంతలో వాడు ఫోను నా చేతిలో పెట్టి, అమ్మ నీతో మాట్లాడతాదట అన్నాడు.

"అన్నియ్యా," అంది తాయారు. "పక్కన నువ్వున్నావు కాబట్టి నాకు బెంగ నేదు. పిల్లోడు పొద్దున్నుంచి ఏటీ తిన్నట్టు నేదు. బస్సు దిగాక ఏటైనా తినిపించు."

అలాగేనమ్మా అన్నాను.