జవాబు బాకీపడ్డ కార్డు

దేవుడు చదరంగంలో ఒకరి పక్షం వహిస్తాడా అన్న అనుమానం దర్జీని పదకొండేళ్లుగా పీకుతోంది. వహించడనుకుంటే, ఆ ఆట తానెలా గెలిచాడో చెప్పలేడు. వహిస్తాడనుకుంటే, ఇంతమంది ఆటగాళ్లుండగా తనలాంటి మొద్దునే ఎందుకు ఎంచుకున్నాడో అసలే చెప్పలేడు.

ఆట పోస్టుకార్డుల మీద నడిచింది. ఎత్తు రాసి పోస్టు చేయడం, అవతలి ఎత్తు కోసం కాచుకోవడం. అవతల ఉన్నది ఎన్నడూ చూడని లెక్కల మాస్టారు. ఆయన రేటింగు పంతొమ్మిది వందలు, దర్జీది పదమూడు వందలు. నోరు మూసుకుని ఓడిపోవడానికి ఆ తేడా చాలు.

చొక్కాకు జేబు కుట్టాలన్నా కొలతల పుస్తకం తెరిచే మనిషి, ఓ రోజు మాత్రం ఎత్తు రాసేముందు పాత కార్డులు తిరగేయలేదు. అలమర మీద ఆ ఆట పేర్చి ఉంచిన చదరంగం బల్లను చూసి, మంత్రిని మాస్టారి రాజు పక్కకు దూకించి, ఆ ఎత్తు రాసిన కార్డును పోస్టు డబ్బాలో వేసి వచ్చాడు. డబ్బాలో పడ్డ ఎత్తు ఇక మారదు. సాయంత్రం కార్డులతో సరిచూస్తే తేలింది: పొద్దున భార్య దుమ్ము దులుపుతూ మాస్టారి బంటును ఒక గడి పక్కన పెట్టింది. అసలు ఆటలో ఆ బంటు తన మంత్రిని అప్పనంగా మింగేస్తుంది.

ఆవిడకు చెప్పలేదు. మూడు వారాలు దేవుణ్ణి వేడుకున్నాడు, గెలిపించమని కాదు, పరువు దక్కించమని.

మాస్టారు మంత్రిని ముట్టుకోలేదు. ఇందులో ఏదో వల ఉందనుకుని రాజును మూలకు లాగారు. ఆపై తొమ్మిది ఎత్తుల్లో ఆట దర్జీ గెలుపుతో ముగిసింది. చివరి కార్డులో, "అంత లోతు ఎలా చూశారు? దయచేసి రాయండి. నా బుర్రకు అందడం లేదు" అన్నారు.

దర్జీ రాయలేదు. ఆ కార్డును కుట్టుమిషను ఎదుట గోడకు గుచ్చి, వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించాడు. కొలతలిచ్చేవాళ్లు మధ్యలో పారిపోలేరు కదా.

పదకొండో ఏట ఓ మధ్యాహ్నం ఆ గోడ దులుపుతూ భార్య ఆగింది.

"ఏమండీ, ఈయన ఏదో అడిగారు. మీరేం చెప్పారు?"

ఇక దాచలేక అంతా చెప్పాడు.

"అయితే ఇన్నేళ్లుగా మీరు కోస్తున్న కోతలన్నీ నా గుడ్డ చలవేనన్నమాట."

"నీ చలవో, దేవుడి చలవో."

"ఆయన మీదికి తోయకండి. పాపం, ఆ పెద్దాయన ఇంకా తల బద్దలు కొట్టుకుంటున్నారేమో. రాయండి."

"రాస్తే నా పరువు?"

"పదమూడు వందల పరువు. పోతే మాత్రం ఎంత పోతుంది?"

అతను కొత్త కార్డు తీసి రాశాడు: 'అయ్యా, లోతేమీ లేదు. మా ఆవిడ దుమ్ము దులుపుతూ మీ బంటును జరిపింది, నేను చూసుకోలేదు. మీరు మంత్రిని తీసేయాల్సింది. జవాబు ఆలస్యమైంది, మన్నించండి.' దేవుడి సంగతి కూడా అడుగుదామనుకున్నాడు గానీ కార్డులో చోటు చాల్లేదు.

పాత కార్డు పక్కన పెట్టుకుని చిరునామా సరిచూసుకున్నాడు. నడిచి వెళ్లి, అదే డబ్బాలో వేశాడు.